రైబెల్సస్ మాత్ర: మందు సగం, వేసుకునే తీరు సగం

పెప్టైడ్ మందును, అంటే ప్రోటీన్ ముక్కలాంటి మందును, మాత్రగా మింగితే కడుపులోని ఆమ్లం, ప్రోటీన్లను అరిగించే పెప్సిన్ కలిసి దాన్ని తిన్న పప్పులాగే అరగదీసేస్తాయి. ఇన్సులిన్ మాత్ర ఇన్నేళ్లయినా మందుల షాపులోకి రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. సెమాగ్లుటైడ్ కూడా పెప్టైడే. దాన్ని రైబెల్సస్ పేరుతో మాత్రలో పెట్టి, టైప్ 2 షుగరు కోసం 2019 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి తెచ్చుకున్న నోవో నార్డిస్క్ కంపెనీ ఆ గోడను దాటింది. అయితే దాటేది నూటికి ఒక పాలే. మింగిన మందులో రక్తానికి చేరేది ఒక శాతం, ఒక్కోసారి అంతకంటే తక్కువ.

లెక్క వేస్తే విడ్డూరంగానే ఉంటుంది. రోజుకు 14 మి.గ్రా. చొప్పున వారానికి 98 మి.గ్రా. మింగుతాం. అదే మనిషి సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌కు మారితే మొదలుపెట్టేది వారానికి అర మి.గ్రా.తో. సూది తప్పించుకోవడానికి కట్టే సుంకం అది.

ఆ ఒక్క శాతమైనా చేరడం స్నాక్ అనే సహాయకుడి చలవ. పూర్తి పేరు సాల్కాప్రోజేట్ సోడియం. 3, 7, 14 మి.గ్రా. మాత్రల్లో ఏది తీసుకున్నా ఇది 300 మి.గ్రా. ఉంటుంది. మాత్ర కరిగే చోట చుట్టూ ఆమ్లాన్ని కాసేపు తగ్గిస్తుంది, పెప్సిన్‌ను అడ్డుకుంటుంది, మందు అణువులు కడుపు గోడ కణాల గుండా దాటేలా చేస్తుంది. చాలా మాత్రలకు పని చిన్న పేగులో మొదలవుతుంది. దీనికి మాత్రం అంతా కడుపులోనే, అదీ మాత్ర ఆనుకుని పడి ఉన్న జానెడు చోటులోనే జరగాలి. అట్టపెట్టె మీది నియమాలన్నీ చాదస్తంలా కనిపిస్తాయి గానీ, ప్రతిదానికీ మూలం ఇక్కడుంది.

పొద్దున లేవగానే పరగడుపున, స్ట్రిప్‌లోంచి అప్పుడే తీసిన మాత్రను 120 మి.లీ. మించని మామూలు నీళ్లతో ముక్కలు చేయకుండా మింగాలి. తర్వాత 30 నిమిషాలు తిండి, కాఫీ, వేరే మందు ఏదీ తగలకూడదు. నీళ్లు ఎక్కువైతే మాత్ర చుట్టూ చిక్కగా ఉండాల్సిన ద్రావణం పలచబడిపోతుంది. 240 మి.లీ.తో కంటే 50 మి.లీ.తో మింగినప్పుడే మందు ఎక్కువ చేరిందని పరీక్షల్లో తేలింది. అరగంటకు ముందే తింటే చేరేది తగ్గుతుంది, ఇంకాస్త ఆగితే పెరుగుతుంది. భోజనం మీద వేసుకుంటే ఆ రోజు మాత్ర దాదాపు దండగే.

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది డబ్బీ దగ్గర. వారం మాత్రలన్నీ ఒకేసారి గళ్ల డబ్బీలో సర్దడం అలవాటైనవాళ్లు దీన్నీ అందులో వేస్తారు. ఇది తేమ పట్టే మాత్ర, మింగే క్షణం దాకా స్ట్రిప్‌లోనే ఉండాలి. విరగ్గొట్టడం, నమలడం పనికిరాదు. 14 బదులు రెండు 7లు వేసుకోవడమూ కంపెనీ వద్దంటుంది. కొత్త తయారీలో 1.5, 4, 9 మి.గ్రా. మాత్రలు వచ్చాయి. అవి పాత 3, 7, 14కు బదులు, వాటిలో మందు మరింత బాగా చేరుతుంది. అందుకే అంకె చూసి తక్కువ డోసు అనుకోవడం, పాతవీ కొత్తవీ కలిపి వాడడం పొరపాటు.

మిగతా మందులతో కలిపి గుప్పెడు మింగేవాళ్లకు ఒక లెక్క: మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఐదు దీంతోపాటు ఇచ్చి చూస్తే, రక్తంలో సెమాగ్లుటైడ్ 34 శాతం పడిపోయింది. థైరాయిడ్ మాత్రతో కథ తిరగబడుతుంది. ఆ మాత్రలోని మందు లెవోథైరాక్సిన్ మట్టం రక్తంలో 33 శాతం పెరిగింది. ఆ మాత్ర వాడేవాళ్లు దీన్ని మొదలుపెట్టాక టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోవాల్సిందే.

ఇంత సున్నితమైన మాత్ర అసలు నిలకడగా ఎలా పనిచేస్తుందంటే, సెమాగ్లుటైడ్ అర్ధాయువు, అంటే రక్తంలోని మందు సగానికి తగ్గే సమయం, దాదాపు వారం. ఒక రోజు తక్కువ చేరినా, మరో రోజు ఎక్కువ చేరినా రక్తంలో మట్టం పెద్దగా ఊగదు. రోజూ చేసే తప్పును మాత్రం ఏ అర్ధాయువూ కాపాడదు. ఒక పూట మరిచిపోతే వదిలేసి మర్నాడు ఒకటే వేసుకోవాలి. మట్టం కుదురుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది కాబట్టి, పది రోజులకే మందు పనిచేయలేదని తేల్చేయడం తొందరపాటు. పైగా మొదటి 30 రోజుల 3 మి.గ్రా. కడుపును అలవాటు చేయడానికే, షుగరు దించడానికి కాదు. వికారం 7 మి.గ్రా.తో 11 శాతం మందిలో, 14తో 20 శాతం మందిలో కనిపించింది.

ఫలితం విషయంలో వంక పెట్టలేం. వేరే మందు లేకుండా 26 వారాలు ఇచ్చిన పయనీర్ 1 పరీక్షలో, రెండు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 7 మి.గ్రా.తో 1.2, 14తో 1.4 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి మాత్రతో తగ్గింది 0.3. గుండెజబ్బు లేదా కిడ్నీ జబ్బు ఉన్న 9,650 మంది షుగరు రోగులతో నడిచిన సోల్ పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణం కలిపి ముప్పు 14 శాతం తగ్గింది.

మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ కుటుంబంలో గానీ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. సల్ఫోనైల్‌యూరియా రకం షుగరు మాత్ర లేదా ఇన్సులిన్ కూడా వాడుతుంటే షుగరు మరీ పడిపోవచ్చు, వాటి డోసు డాక్టరు సరిచేయాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు కనీసం రెండు నెలల ముందే ఆపాలి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, ఎందుకంటే కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది.

పోటీగా వచ్చిన ఓర్‌ఫోర్‌గ్లిప్రాన్ అనే మాత్ర పెప్టైడ్ కాదు కాబట్టి పరగడుపు, నీళ్ల కొలత గొడవ దానికి లేదు. సౌకర్యంలో రైబెల్సస్ అక్కడ ఓడిపోతుంది. రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు ఇబ్బంది లేదు, పొద్దున అంటే గడియారం కాదు, నిద్ర లేచిన వేళ. తిప్పలన్నీ థైరాయిడ్ మాత్ర, ఎముకల కోసం అలెండ్రోనేట్ కూడా ఉన్నవాళ్లకే. మూడూ ఆ పరగడుపు అరగంటనే అడుగుతాయి. అలాంటివాళ్లకు వారానికొక ఇంజెక్షనే నయం.