సాస్‌లో పుట్, ఇన్‌పుట్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

క్లినికల్ ట్రయల్స్ (మందుల పరీక్షలు) డేటా మీద పనిచేసేవాళ్లకి సాస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో పుట్, ఇన్‌పుట్ ఫంక్షన్లు లేకుండా పూట గడవదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నేర్చుకున్నవాళ్లకి ఇవి ఇంటర్వ్యూ ప్రశ్నగానే పరిచయం. పుట్ మనమిచ్చిన ఫార్మాట్ (విలువను ఎలా రాయాలో చెప్పే సూచన) ప్రకారం ఎప్పుడూ క్యారెక్టర్ విలువనే, అంటే అక్షరాల రూపంలోనే, ఇస్తుంది. ఇన్‌పుట్ క్యారెక్టర్ విలువను చదివి, మనమిచ్చిన ఇన్‌ఫార్మాట్ (విలువను ఎలా చదవాలో చెప్పే సూచన) ప్రకారం మారుస్తుంది, ఎక్కువగా నంబర్‌గా. ఇది బట్టీ పట్టడానికి ఐదు నిమిషాలు చాలు. అసలు సంగతులు వీటితో కాపురం చేస్తేనే తెలుస్తాయి.

ఇన్‌పుట్‌తో నాకు బాగా సుఖమిచ్చింది కామా ఇన్‌ఫార్మాట్. మన లెక్కలో 1,25,000 అని వచ్చినా, అమెరికా లెక్కలో 125,000 అని వచ్చినా కామా12. అని రాస్తే రెండూ 125000 అయిపోతాయి. కామా ఎక్కడుందో దానికి అక్కర్లేదు, తీసి పారేస్తుంది. తేదీలూ అంతే. 01/01/1961ని డీడీఎంఎంవైవై10. తో చదివిస్తే 366 వస్తుంది, ఎందుకంటే సాస్‌లో రోజుల లెక్క 1960 జనవరి 1 నుంచి మొదలు.

అసలు గొయ్యి ఇన్‌ఫార్మాట్‌లో చుక్క తర్వాతి అంకెలో ఉంది. హిమోగ్లోబిన్ కాలమ్ క్యారెక్టర్‌గా వచ్చిందనుకోండి. రెండు దశాంశాలు కావాలని 8.2 ఇన్‌ఫార్మాట్ ఇస్తారు చాలామంది. 13.5 అన్నది 13.5 గానే వస్తుంది. చుక్క లేకుండా 14 అని ఉన్నది మాత్రం 0.14 అవుతుంది. డేటాలో చుక్క లేకపోతే సాస్ నూరుతో భాగించేస్తుంది, లాగ్‌లో (ప్రోగ్రామ్ నడిచినప్పుడు సాస్ రాసే నివేదికలో) ఒక్క ముక్క కూడా రాయదు. అదే కాలమ్‌లో సగం విలువలు సరిగ్గానే ఉంటాయి కాబట్టి పైపైన చూస్తే దొరకదు. దశాంశాలున్నా సరే, చుక్క తర్వాత అంకె లేకుండా ఉత్త 8. ఇవ్వండి.

ల్యాబ్ నుంచి "<0.5" లాంటివి వస్తే ఇన్‌పుట్ మిస్సింగ్ (ఖాళీ విలువ) ఇచ్చి, లాగ్‌లో ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అని మొత్తుకుంటుంది. ఇన్‌ఫార్మాట్ ముందు రెండు ప్రశ్నార్థకాలు పెడితే నోరు మూసుకుంటుంది. ఏయే విలువలు పోతున్నాయో ఒకసారి ఫ్రీక్వెన్సీ (ఏ విలువ ఎన్నిసార్లుందో లెక్క) తీసి చూశాకే ఆ పని చేయాలని నా పట్టుదల. క్లినికల్ ట్రయల్స్ డేటాను అమర్చే ప్రమాణమైన ఎస్‌డీటీఎంలో ల్యాబ్ ఫలితానికి క్యారెక్టర్ వేరియబుల్, న్యూమరిక్ వేరియబుల్ విడివిడిగా ఉండటం ఇక్కడే అక్కరకొస్తుంది.

పుట్ మీద పెద్దగా ఫిర్యాదుల్లేవు. 7ని 8. తో మారిస్తే ముందు ఏడు ఖాళీలొస్తాయి, ఉత్త '7'తో పోల్చితే కలవదు. ఫార్మాట్ పక్కన మైనస్ ఎల్ తగిలిస్తే సరి. సైట్ నంబర్ 007 గా కావాలంటే జెడ్3. ఉంది.

నాకు ఒళ్లు మండేది సాస్ తనంతట తాను చేసే మార్పిడి మీద. డేటా స్టెప్‌లో (సాస్‌లో డేటాను తయారుచేసే భాగంలో) క్యారెక్టర్ వేరియబుల్‌తో కూడికలు చేస్తే చెప్పకుండా నంబర్ చేసేసి లాగ్‌లో ఒక నోట్ పడేస్తుంది. అదే వేర్ కండిషన్‌లో (కావలసిన వరుసలను ఎంచుకునే షరతులో) నంబర్‌నీ క్యారెక్టర్‌నీ పోలిస్తే ఎర్రర్ అంటుంది. ఒకచోట అంత ఉదారం, ఇంకోచోట ఇంత చాదస్తం ఎందుకో! ఆ కన్వర్షన్ నోట్ ఉన్న ప్రోగ్రామ్‌ని నేను రివ్యూలో పాస్ చేయను.

ఉన్న వేరియబుల్ టైప్‌ను ఉన్నచోటే మార్చే వీలు లేకపోవడం ఇంకో విసుగు. పాతదానికి పేరు మార్చాలి, కొత్తది చేయాలి, పాతదాన్ని డ్రాప్ చేయాలి. ప్రతిసారీ ఇదే తంతు. పొడవాటి ఐడీల జోలికి మాత్రం అసలు పోవద్దు. 9007199254740992 దాటాక ప్రతి పూర్ణాంకమూ సాస్ నంబర్‌లో కచ్చితంగా నిలుస్తుందన్న నమ్మకం లేదు, 18 అంకెల అకౌంట్ నంబర్ చివర్లో మారిపోవచ్చు. వాటిని క్యారెక్టర్‌గానే ఉంచేయండి, వాటితో కూడికలు ఎలాగూ చేయరు.