ఆరేళ్ల ఎస్‌ఎస్‌డీ: ఫిర్యాదంతా కేబుల్ మీదే

2012 నాటి 13 అంగుళాల ల్యాప్‌టాప్‌లో 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (ఫ్లాష్ మెమరీ చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్; సాటా అంటే దాన్ని బోర్డుకి కలిపే పద్ధతి) పెట్టి ఆరేళ్లు దాటింది. మొదటి ఏడాదే దీన్ని మెచ్చుకుంటూ రాశాను. వేగం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, హార్డ్‌డిస్క్ నుంచి మారిన ప్రతివాళ్లకీ తెలిసిందే. అసలు సంగతి ఆరో ఏడాదిలో జరిగింది. డ్రైవ్ ల్యాప్‌టాప్‌కి కనపడడం మానేసింది, దాదాపు చెత్తబుట్టలోకి పోయేదే. తీరా చూస్తే దానికేమీ కాలేదు. డ్రైవ్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య కాగితంలా పల్చగా పరిచిన ఫ్లెక్స్ కేబుల్ పాడైంది. ఇంత చిన్న ముక్క బాగున్న డ్రైవ్‌ని చచ్చినదానిలా చూపించడం మీద కోపం ఇంకా తగ్గలేదు.

జబ్బు ఒక్కసారిగా రాలేదు. మొదట్లో పని మధ్యలో మౌస్ కదిలేది గానీ ఏ ఫైలూ తెరుచుకునేది కాదు. అర నిమిషం బిగుసుకుపోయి మళ్లీ మామూలుగా నడిచేది. విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో ‘స్టోర్‌ఏహెచ్‌సీఐ’ (storahci) పేరుతో 129 నంబరు హెచ్చరికలు వరసగా ఉండేవి. డ్రైవ్ నుంచి జవాబు రాక కంట్రోలర్ (బోర్డు మీద డ్రైవ్‌ని నడిపే భాగం) లింకుని రీసెట్ చేసిందని వాటి అర్థం. కొన్ని వారాలకి, రీస్టార్ట్ చేస్తే బూట్ అయ్యే డిస్క్ లేదంటూ నల్ల తెర. పూర్తిగా ఆపి కాసేపాగి వేస్తే మళ్లీ కనపడేది. చివరికి బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే ల్యాప్‌టాప్ సొంత ప్రోగ్రామ్) కూడా డ్రైవ్ పేరుండే వరస ఖాళీ అయింది.

బయోస్‌లోనే లేని డ్రైవ్ మీద విండోస్ మళ్లీ ఎక్కించబోవడం దండగ. బయోస్‌లో ఉండి విండోస్ ఇన్‌స్టాలర్‌లో మాత్రమే కనపడకపోతే అది వేరే సంగతి. చాలాసార్లు బయోస్‌లో సాటా మోడ్ (కంట్రోలర్ డ్రైవ్‌లని నడిపే తీరు) రెయిడ్‌లో ఉంటుంది, మామూలు తీరైన ఏహెచ్‌సీఐకి మారిస్తే కనపడుతుంది. కాకపోతే ముందే విండోస్ ఉన్న డిస్క్‌కి మోడ్ నేరుగా మారిస్తే బూట్ నీలి తెర దగ్గర ఆగిపోతుంది. ముందు సేఫ్ మోడ్‌కి సెట్ చేసుకుని, మోడ్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి, ఆ తర్వాత మామూలుగా రావాలి. ల్యాప్‌టాప్ గడియారం తరచూ పాత తేదీకి పోతుంటే సీమాస్ బ్యాటరీ (గడియారాన్నీ బయోస్ సెట్టింగుల్నీ నిలబెట్టే చిన్న బ్యాటరీ) అయిపోయినట్టే. బయోస్ ఆ మోడ్‌ని కూడా మరిచిపోవచ్చు, ముందు బ్యాటరీ మార్చండి.

అందరూ మోసపోయేది ఇక్కడే. ఎస్‌ఎస్‌డీ కనపడని అదే కేబుల్‌కి పాత హార్డ్‌డిస్క్ తగిలిస్తే చక్కగా నడిచింది. ఇక ఎవరైనా ఏమంటారు? కేబుల్ బాగుంది, ఎస్‌ఎస్‌డీ పోయింది అంటారు. కారణం వేగంలో ఉంది. ఆ హార్డ్‌డిస్క్ లింకు సెకనుకి 3 గిగాబిట్లది, ఎస్‌ఎస్‌డీ లింకు 6 గిగాబిట్లది. కేబుల్ లోపలి రాగి గీతలో వెంట్రుకంత చీలిక వచ్చినా నెమ్మది సిగ్నల్ దాటిపోతుంది, వేగమైన సిగ్నల్ చెదిరిపోతుంది. కాబట్టి హార్డ్‌డిస్క్ పనిచేయడాన్ని బట్టి కేబుల్‌కి మంచి సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ఎస్‌ఎస్‌డీని సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించి చూడాలి. అక్కడ తడబడకుండా పది ఇరవై జీబీలు కాపీ అయితే అనుమానం కేబుల్ మీదకే పోవాలి.

రుజువు డ్రైవ్ లోపలే రాసి ఉంటుంది. డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే టూల్‌లో సీ7 వరస చూడండి, మిగతా టూల్స్‌లో అదే 199. సీఆర్‌సీ తప్పుల లెక్క అది, అంటే దారిలో చెడిపోయిన డేటా ఎన్నిసార్లు వచ్చిందో. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో దాన్ని హెక్సాడెసిమల్‌లో (అంకెలతో పాటు అక్షరాలూ వాడే లెక్క) చూపిస్తుంది, సెట్టింగ్స్‌లో రా వాల్యూస్‌ని మామూలు అంకెలకి (డెసిమల్) మార్చుకుంటే తేలిక. ఈ లెక్క ఎప్పుడూ తగ్గదు. అందుకే అంకె ఎంతుందన్న దానికన్నా ఇవాళ్టికీ రేపటికీ పెరుగుతోందా అన్నదే చూడాలి. ఈ డ్రైవ్‌లో అది రోజుకి పదుల్లో పెరిగింది. పైన మాత్రం ‘హెల్త్ 94 శాతం’. ఆ శాతాన్ని మొదటి ఏడాది తెగ మెచ్చుకున్నాను. అది ఫ్లాష్ మెమరీ ఎంత అరిగిందో చెబుతుంది, కేబుల్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు.

ఆశ్చర్యపరిచింది లినక్స్. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపితే, తప్పులు వస్తున్నాయని గమనించిన కెర్నెల్ (లినక్స్ మూలభాగం) లింకుని తనంతట తనే 3 గిగాబిట్లకి దించింది. బయోస్‌కి కనపడని డ్రైవ్ అక్కడ ప్రత్యక్షమైంది. కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్ (dmesg) కమాండ్‌లో ఆ దించిన వరస స్పష్టంగా కనపడుతుంది. డేటా మొత్తం అప్పుడే బయటికి తీయడం కుదిరింది. కొత్త కేబుల్ దొరికేదాకా బూట్ ఆప్షన్లలో ‘లిబ్‌ఏటా ఫోర్స్’ (libata.force) ద్వారా వేగాన్ని ముందే 3 గిగాబిట్లకి కట్టేసుకోవచ్చు. పెద్ద ఫైళ్ల కాపీ సగానికి సగం నెమ్మదిస్తుంది, బ్రౌజర్, ఆఫీసు పనుల్లో తేడా తెలియనే తెలియదు. బయోస్ దశలోనే డ్రైవ్ మాయమైతే మాత్రం ఆ డ్రైవ్ మీంచే బూట్ అవడానికి ఈ ఉపాయం అక్కరకి రాదు.

మార్చేటప్పుడు ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ విప్పి, పవర్ బటన్ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి. కేబుల్‌ని దాని మీద ముద్రించిన పార్ట్ నంబరు చూసే కొనాలి. ఒకే బాడీలో ఏడాది తేడాతో వచ్చిన మోడళ్లకి కూడా వేర్వేరు కేబుళ్లు ఉంటాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో వెతికేటట్టయితే పాత కేబుల్ చేత్తో పట్టుకెళ్లడం మంచిది. కొత్తది వేసేటప్పుడు మలుపులు గుండ్రంగా ఉండాలి, గోరుతో మడత నొక్కకూడదు. ఈ మోడల్‌లో కేబుల్ అల్యూమినియం బాడీ అంచుకి రాసుకుంటుంది, ఆ చోట క్యాప్టన్ టేపు (విద్యుత్తునీ వేడినీ తట్టుకునే పల్చటి టేపు) ఒక పొర వేయాలి. 9.5 మిల్లీమీటర్ల హార్డ్‌డిస్క్ ఉన్న చోట 7 మిల్లీమీటర్ల ఎస్‌ఎస్‌డీ పెట్టినప్పుడు అది వదులుగా కూర్చుంటే 2.5 మిల్లీమీటర్ల స్పేసర్ (సందు పూడ్చే చట్రం) తప్పనిసరి. లేకపోతే డ్రైవ్ కదిలినప్పుడల్లా కేబుల్‌నీ కనెక్టర్‌నీ లాగుతుంది. ‘నాలుగు స్క్రూలు, పది నిమిషాల పని’ అని మొదటి ఏడాది నేను రాసినమాట ఈ స్పేసర్‌ని లెక్కలోకి తీసుకోకుండా చెప్పింది.

కేబుల్ మార్చి పద్నాలుగు నెలలైంది, సీ7 ఒక్క అంకె కూడా పెరగలేదు. ఈ యంత్రం మీద జరిగేది రాతపని, బ్రౌజింగ్, అదీ లినక్స్‌లో. అంత వాడకానికి ఈ డ్రైవ్ ఇప్పటికీ సరిపోతుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, కాబట్టి విండోస్ మీదే ఉండాల్సినవాళ్లు ఇంత పాత ల్యాప్‌టాప్‌కి కేబుల్ కొనేముందు ఆలోచించుకోవాలి. డ్రైవ్ నేరుగా మదర్‌బోర్డు కనెక్టర్‌లోకి దిగే మోడల్ అయితే పైన చెప్పిన కేబుల్ కథ వర్తించదు. అక్కడ కనెక్టర్ పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడాలి. తుడిచినా, లేదా కొత్త కేబుల్ వేసినా సీ7 పెరుగుతూనే ఉంటే తప్పు బోర్డుదే అయి ఉంటుంది. అప్పుడు ఎస్‌ఎస్‌డీని తీసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టుకుని, ల్యాప్‌టాప్ మీద ఇంకో రూపాయి పెట్టకండి.