దేవమాలి కొండల్లో గాలి కోసం పడిగాపులు

పారాగ్లైడింగ్, అంటే గుడ్డ రెక్క తగిలించుకుని కొండ మీది నుంచి ఎగిరే ఆట. ఆ పోటీకి వెళ్లేవారు బస, బండి, భోజనం మూడింటినీ ఎగరని రోజులను దృష్టిలో పెట్టుకునే కుదుర్చుకోవాలి. ఎగిరే రోజున ఎవరికీ ఆకలీ చలీ గుర్తుకు రావు. కొండ మీద మబ్బు కూర్చున్న రోజునే దుప్పటి చెమ్మగా ఉందనీ, టీ చల్లారిందనీ, జీపు డ్రైవరు రోజు కిరాయి పూర్తిగా అడుగుతున్నాడనీ తెలిసివస్తుంది.

డిసెంబరులో ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో, పొట్టంగి దగ్గర దేవమాలి వరుసలోని ఒక గడ్డి కొండ మీద జరిగిన ప్రాంతీయ పోటీకి రాయగడ నుంచి మా కుటుంబం కదిలింది. ఎగిరేది మా మేనల్లుడు. పుణె దగ్గర కామ్‌షెట్‌లో ఈ విద్య నేర్చుకున్నాడు. అక్కా బావా, నేనూ మా ఆవిడా అతని వెంట వెళ్లిన బలగం. మా అక్కకు కొడుకు ఎగరడం ఇష్టం లేదు, ఎగరకుండా తిరిగి రావడం అంతకన్నా ఇష్టం లేదు.

రాయగడ నుంచి కొరాపుట్‌కు రైలే మేలు. హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఈ దారినే పోతుంది. సొరంగం దాటితే వంతెన, వంతెన దాటితే సొరంగం. కిటికీ పక్క సీటు దొరికితే నిద్ర పోవద్దు. ఆంధ్ర వైపు నుంచి వచ్చేవారికి విజయనగరం, సాలూరు, సుంకి ఘాట్, పొట్టంగి మీదుగా 26వ నంబరు జాతీయ రహదారి ఉంది. విశాఖ నుంచి అరకు రైలెక్కి వచ్చేవారికి మాత్రం ఒక హెచ్చరిక. బొర్రా గుహలు దాటాక వచ్చే శిమిలిగుడ స్టేషన్, మేము బస చేసిన సెమిలిగుడ ఒకటి కావు. మొదటిది సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఆంధ్రలో ఉన్న చిన్న స్టేషన్. రెండోది ఒడిశాలో సునాబెడ పక్కన ఉన్న ఊరు. పోటీకి వచ్చిన ఒక జట్టు సామాను మొత్తం ఆ చిన్న స్టేషన్‌లో దింపుకుని, సాయంత్రానికి జీపులో మా లాడ్జికి చేరింది.

బసకు మూడు దారులున్నాయి. కొండ పైన గుడారాలు, కొరాపుట్ పట్టణంలో హోటళ్లు, సెమిలిగుడ–సునాబెడలో లాడ్జీలు. ఫొటోలు చూసి మా బావ గుడారాలే కావాలన్నాడు. సూర్యోదయం గుమ్మంలోనే కనిపిస్తుందని ఆయన ఆశ. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. ఆ ఎత్తున డిసెంబరు రాత్రి మబ్బు దిగితే గుడారం లోపలి గుడ్డ కూడా చెమర్చుతుంది. ఇచ్చిన రజాయి బరువుగా ఉంది కానీ వెచ్చగా లేదు. వేడినీళ్లు బకెట్టు లెక్కన, అవీ ఏడు దాటాక. మరుగుదొడ్లు శుభ్రంగానే ఉన్నాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. సూర్యోదయం మాటకొస్తే, గుడారం ముందు కట్టిన తాడు కూడా కనిపించలేదు. తెల్లవారేసరికి బావే సామాను సర్దాడు.

కొరాపుట్ హోటళ్లలో గదులు బాగుంటాయి, కానీ కొండకు దూరం. వాతావరణం కుదిరిందన్న కబురు వచ్చాక బయలుదేరితే సగం పోటీ అయిపోతుంది. మాకు చివరికి కలిసివచ్చింది సెమిలిగుడలోని లాడ్జి. గదికి 1,100 రూపాయలు. గోడలకు సున్నం వేసి ఎంతకాలమైందో, మంచాలు కిర్రుమంటాయి, ఎదురుగా లారీలు ఆగే చోటు. అయినా దానికే నా ఓటు, రెండు కారణాల వల్ల. ఒకటి, ఏ పూటకు ఆ పూట గది పొడిగించుకోవచ్చు, ముందే అన్ని రోజులకూ కట్టమనరు. రెండోది పై అంతస్తులోని ఖాళీ హాలు. పారాగ్లైడర్ రెక్క తడిసిందంటే నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. తడి గుడ్డను అలాగే మడిచి సంచిలో పెడితే బూజు పడుతుంది, ఎండలో పరిస్తే గుడ్డ సత్తువ పోతుంది. లాడ్జి యజమాని సాలూరు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగాయన. రెక్కను చూసి, "బాబూ, పైన పెళ్లిళ్ల హాలు ఖాళీయే, ఫ్యాన్లు వేసుకుని ఆరబెట్టుకోండి" అన్నాడు, డబ్బు ఊసెత్తలేదు. ప్లాస్టిక్ కుర్చీలు వరసగా పేర్చి వాటి మీద నారింజ రంగు గుడ్డను ఆ చివర నుంచి ఈ చివరకు పరిచాం. సన్నని తాళ్లు చిక్కు పడకుండా మేనల్లుడు ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నుంచి జార్చుకుంటూ పోయాడు. మా ఆవిడ పట్టుచీర ఆరేసేటప్పుడు కూడా అంత జాగ్రత్త నేను చూడలేదు.

అసలు ఇబ్బంది బంగాళాఖాతంలో ఉంది. మేము చేరిన సాయంత్రమే నైరుతి భాగంలో అల్పపీడనం ఏర్పడిందని వాతావరణ శాఖ ప్రకటించింది. సముద్రం ఎక్కడ, కొరాపుట్ ఎక్కడ అనుకుంటాం కానీ, అల్పపీడనానికి ఉత్తరాన ఉన్న మనకు తూర్పు గాలి మొదలవుతుంది. ఆ తేమగాలి సాలూరు, పార్వతీపురం మైదానాల మీదుగా వచ్చి తూర్పు కనుమలకు కొట్టుకుని పైకి లేస్తుంది, లేచినకొద్దీ చల్లబడి మబ్బవుతుంది. ఆ మబ్బే కొండను మింగేసింది. పైగా పోటీకి ఎంచుకున్న వాలు పడమర వైపు చూస్తుంది. మామూలు రోజుల్లో పొద్దెక్కాక ఎండకు ఆ వాలు వేడెక్కి, గాలి కింది నుంచి పైకి పాకుతుంది. రెక్కను నిలబెట్టేది ఆ ఎదురుగాలే. తూర్పు గాలి వీస్తే అది శిఖరం దాటి వెనక నుంచి కిందికి దొర్లుతుంది. వెనకగాలిలో రెక్క లేవదు. బలవంతాన లేచినా, కొండ చాటున సుళ్లు తిరిగే గాలిలో చిక్కుకుంటుంది. మబ్బు విడిచిన తరువాత కూడా పైలట్లు చేతులు కట్టుకుని ఎందుకు కూర్చున్నారో మా అక్కకు ఇదంతా చెప్పవలసి వచ్చింది. "ఎండ వచ్చిందిగా, ఇంకా ఏమిటి ఆలస్యం?" అని ఆమె అడుగుతూనే ఉంది.

ఎగిరే చోట వెదురు కర్రకు ఎర్ర రిబ్బను కట్టారు. ఆ రిబ్బనే అక్కడ న్యాయమూర్తి. అరచేతిలో పట్టే చిన్న పంకా మీటరుతో గాలి వేగం కొలుస్తారు కానీ, అందరి కళ్లూ రిబ్బను మీదే. అది కాసేపు లోయ వైపు సాగుతుంది, కాసేపు కర్రకు చుట్టుకుంటుంది, ఒక్కసారి కొండ వైపు తిరిగితే చాలు, పడుకున్నవాళ్లంతా లేచి కూర్చుంటారు. ముందు విండ్ డమ్మీ అనే పైలట్‌ను వదులుతారు. పోటీలో లేకుండా గాలిని పరీక్షించడానికే ఎగిరేవాడన్నమాట. అతను దిగి రేడియోలో చెప్పేదాన్ని బట్టి మిగతావారి పని.

ఇది దూరాలు ఎగిరే పోటీ కాదు, గురిచూసి దిగే పోటీ. లోయలో ఒక గుండ్రటి గుర్తు ఉంటుంది. మొదట నేలను తాకిన పాదం ఆ గుర్తు నడిబొడ్డుకు ఎంత దూరంలో ఉందో సెంటీమీటర్లలో కొలుస్తారు. అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. కాళ్ల మీద నిలవకుండా కూలబడితే గరిష్ఠ అంకె వేసేస్తారు. క్రికెట్ స్కోరు చూడటానికి అలవాటుపడ్డ మా బావకు, ఎక్కువ వచ్చినవాడు ఓడిపోవడం రెండో రౌండు వరకూ తలకెక్కలేదు. గాలి వేగానికి కూడా హద్దు ఉంది. నేల మీద అది సెకనుకు 7 మీటర్లు, అంటే గంటకు 25 కిలోమీటర్లు దాటితే ఆపేస్తారు. హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్‌లో 2015లో ప్రపంచ కప్ పోటీ జరిగినప్పుడు జనం చూసింది ఆకాశంలో గంటల తరబడి తిరిగే రెక్కలను. ఇక్కడ ఒక్కొక్కరి ప్రయాణం కొద్ది నిమిషాలే. కాబట్టి చూసేవాళ్లు కొండ పైన కాక కింద, దిగే చోటనే ఉండటం మంచిది.

ఆ దిగే చోటు విషయంలో నిర్వాహకులకు సగం మార్కులే ఇస్తాను. మొదట కోత అయిపోయిన వరి మడిలో గుర్తు పెట్టారు. రాత్రి వానకు మడి బురదైంది. పక్క ఊరి బడి మైదానానికి మార్చారు, బాగానే ఉంది. కానీ మారిందన్న కబురు ఫోను సందేశంగా పంపారు. కొండ మీద సిగ్నల్ ఉండదు. ఆ సంగతి వాళ్లకు తెలియక కాదు. పాత మడి గట్టు మీద గొడుగులు వేసుకుని కూర్చున్న ప్రేక్షకులు పదిమందికి తక్కువ లేరు. ఒక మనిషిని సైకిల్ మీద పంపితే సరిపోయేది. మంచినీళ్లు, ప్రథమ చికిత్స, అంబులెన్సు విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పోటీ జరగని రోజు కూడా అంబులెన్సు అక్కడే ఉంది.

వాళ్లను నిజంగా మెచ్చుకోవలసింది ఇంకొకటి. ఒక మధ్యాహ్నం ఆకాశం తేటపడింది. ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నారు. మైకులో పాటలు మొదలయ్యాయి, బడి పిల్లలను వరసగా నిలబెట్టారు. విండ్ డమ్మీ దిగి రేడియోలో రెండే మాటలు చెప్పాడు. రక్షణ బాధ్యుడిగా వచ్చిన ఆయన నేరుగా మైకు అందుకుని, ఈ పూట ఎవరూ ఎగరరని హిందీలో చెప్పేశాడు. అతిథి ముఖం చిన్నబోయింది, వెనక ఎవరో గొణిగారు, ఆయన పట్టించుకోలేదు. మా అక్క అప్పటి నుంచి ఆయన కనిపిస్తే చాలు, ఇంటి నుంచి తెచ్చిన జంతికల డబ్బా తీసేది.

బండి గురించి ఒక్క మాట. జీపు మాట్లాడుకునేటప్పుడే, పైకి వెళ్లని రోజుకు ఎంత అన్నది తేల్చుకోవాలి. మేము సగం కిరాయికి ఒప్పించాం. పై మలుపుల్లో రోడ్డు తడిగా ఉంటే చిన్న కార్లు మొరాయిస్తాయి.

తిండికి కొదవ లేదు. సెమిలిగుడలో ఇడ్లీ, పూరీ ఎక్కడైనా దొరుకుతాయి, సగం హోటళ్లలో తెలుగే వినిపిస్తుంది. కొండ కింద ఊళ్లో పరజా తెగ ఆడవాళ్లు సొరకాయ బుర్రల్లో చోడి (రాగి) అంబలి తీసుకుని పొలానికి వెళుతుంటే, మా ఆవిడ అడిగి ఒక గ్లాసు పోయించుకుంది. పులుపు కొంచెం ముదిరింది కానీ ఆ చలిలో కడుపులో నిలిచింది అదే. మైదానం దగ్గర నిర్వాహకులు పెట్టిన భోజనం పొట్లం 120 రూపాయలు, అందులో చల్లారిన పులావు. కొనకండి.

ఖాళీ రోజుల్లో ఎక్కడికి వెళ్లాలన్నది కూడా గాలిని బట్టే. కబురు వస్తే గంటలో తిరిగి రాగలిగేలా ఉండాలి. ఆ లెక్కన కొరాపుట్ జగన్నాథ ఆలయం, పక్కనే ఉన్న గిరిజన మ్యూజియం సరిగ్గా సరిపోతాయి. మ్యూజియంలో నగలు, వేట సామగ్రి తీరిగ్గా చూడండి. డుడుమా జలపాతం పేరు అందరూ చెబుతారు. మాచ్‌ఖండ్ నది 150 మీటర్లకు పైగా దూకే చోటు, ఆంధ్ర సరిహద్దులోనే. కానీ అది పూర్తి రోజు పని, పైగా జలవిద్యుత్ కేంద్రానికి నీటిని మళ్లించడం వల్ల వానాకాలం పోయాక ధార పలచబడుతుంది. పోటీకి వచ్చినప్పుడు దాని జోలికి పోవద్దు. సునాబెడలో మిగ్ యుద్ధ విమానాల ఇంజన్లు తయారుచేసిన హెచ్ఏఎల్ కర్మాగారం ఉంది, అయితే అది బయటి నుంచి చూడటమే. ఇంజన్లు చేసే ఊరి పక్కన ఇంజన్ లేకుండా ఎగరడానికి ఇంతమంది తిప్పలు పడటం చూసి మా బావకు ఒకటే నవ్వు. దారి పొడుగునా వలిసె చేలు పసుపు రంగు తేలి ఉన్నాయి. నవంబరు చివర వస్తే ఇంకా నిండుగా ఉంటాయని డ్రైవరు చెప్పాడు.

అల్పపీడనం బలహీనపడి గాలి తిరిగాక వరుసగా రౌండ్లు జరిపించారు. మేనల్లుడు మొదటి రౌండులో 4 మీటర్ల 12 సెంటీమీటర్ల దూరంలో దిగాడు. తరువాతి దానిలో అర మీటరుకు తెచ్చాడు, ఆ పైన ఒకదానిలో తడి గడ్డి మీద జారి కూలబడ్డాడు. అయిదు రౌండ్లు పూర్తయితే ఒక్కొక్కరి అంకెల్లో అన్నిటికన్నా చెడ్డదాన్ని కొట్టివేస్తారు, అతనికి గట్టెక్కే అవకాశం ఉండేది. నాలుగోది ముగిసేసరికే పొద్దు వాలింది, గాలి మళ్లీ కొండ మీది నుంచి దిగడం మొదలెట్టింది, అక్కడితో ఆపేశారు. "మావయ్యా, ఇంకొక్క అరగంట దొరికి ఉంటే" అని రెక్క మడుస్తూ అన్నాడు. వాళ్లమ్మ వెంటనే అందుకుని, ఆ అరగంట దొరకనందుకు జగన్నాథుడికి దీపం పెడతానంది.

తిరుగు ప్రయాణానికి రైలు టికెట్టు ముందే తీసుకోవద్దు. పోటీ ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేరు. మేము రద్దు చేసుకున్న టికెట్టు డబ్బు కొంత పోయింది, చివరికి పొట్టంగి దగ్గర బస్సెక్కి సాలూరు, పార్వతీపురం మీదుగా రాయగడ చేరాం. రెక్క సంచి పదిహేను కిలోలు. దానికి వేరే టికెట్టు కొట్టాలని కండక్టరు పట్టుబట్టాడు. బావ మాట్లాడకుండా ఇచ్చేశాడు.