వెన్నునీటి పరీక్షకి బరంపురంలో ఈ ల్యాబ్ మంచిది

పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి బరంపురం ఆసుపత్రులకి వచ్చేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. బయటనుంచి చూస్తే మామూలు చిన్న ల్యాబే, కానీ సీఎస్ఎఫ్, అదే వెన్నులోంచి తీసే నీరు, దాని పరీక్షకి కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు.

మా మేనకోడలు డిగ్రీ చదువుతోంది. ఉన్నట్టుండి నిద్ర పట్టడం మానేసింది, పొంతన లేని మాటలు, మూతి వంకర్లు, ఆ తర్వాత ఫిట్స్. ఇంట్లో పెద్దాళ్ళు గాలి సోకిందన్నారు. మా వైపు మలేరియా ఎక్కువ కాబట్టి డాక్టర్లు ముందు అది మెదడుకెక్కిందేమో చూశారు, కాదని తేలింది. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే మెదడు మీద పడే ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అని అనుమానించి న్యూరాలజిస్టు వెన్నునీరు తీయించారు.

మొదటిసారి ఇంకోచోట ఇచ్చాం. సాయంత్రం దాకా బల్ల మీదే పెట్టి వేరే ఊరు పంపారు, కణాలు పాడైపోయాయని రిపోర్టు వచ్చింది. ఆ పిల్ల రెండోసారి సూది పొడిపించుకోవాల్సి వచ్చింది, ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది. వెన్నునీట్లో తెల్లకణాలు ఎక్కువసేపు నిలవవు, బయట ఉంచితే 2 గంటల్లో వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం సగానికి పడిపోతాయి, అందుకే గంటలోపు చూడాలి.

ఈ ల్యాబ్‌లో ట్యూబు చేతికివ్వగానే టెక్నీషియన్ కుర్రాడు అడిగిన మొదటి మాట, "ఎన్నింటికి తీశారు బాబాయ్?" మొదటి ట్యూబులో సూది గుచ్చినప్పటి రక్తం కలుస్తుందట, కణాల లెక్కకి ఆఖరిదే కావాలని నంబరు చూసి మరీ తీసుకున్నాడు. మిగతా పనంతా పక్కన పెట్టి, గళ్ళు గీసిన గాజు పలక మీద బొట్టు వేసి, మైక్రోస్కోపులో చూస్తూ ఒక్కో గడీ లెక్కపెట్టాడు. ఇంత తక్కువ కణాలుంటే మెషిన్ లెక్క నమ్మలేమన్నాడు. మిగిలిన నీటిని మెషిన్‌లో గిర్రున తిప్పి, అడుగున చేరిన కణాలకి స్లైడు మీద రంగు వేసి ఇస్తే పాథాలజిస్ట్ మేడమ్ స్వయంగా చూశారు. మైక్రోలీటరుకి 5 లోపు ఉండాల్సిన తెల్లకణాలు 38 ఉన్నాయి, దాదాపు అన్నీ లింఫోసైట్లు అనే రకమే. రిపోర్టు టైపు చేయకముందే మేడమ్ మా డాక్టరుకి ఫోన్ చేసి చెప్పారు.

దీంతోనే జబ్బు పేరు తేలిపోదు, వైరస్ వచ్చినా లింఫోసైట్లు పెరుగుతాయి, కణాలు మామూలుగా ఉన్నా ఈ జబ్బు లేదనడానికి లేదు. అందుకే హెర్పిస్ వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్ష కూడా చేయించారు. యాంటీబాడీ పరీక్ష ఇక్కడ లేదు, బయటికి పంపుతారు. రక్తం ఒక్కటే పంపొద్దు, వెన్నునీరూ పంపండి, ఈ జబ్బులో ఎన్ఎండీఏ అనే రకం అయితే కొందరికి యాంటీబాడీలు రక్తంలో దొరకవు అని వాళ్ళే చెప్పారు. మా పిల్లకి వచ్చింది ఆ రకమే. ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా, పీసీఆర్‌లో వైరస్ లేదని తెలియగానే డాక్టరు స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. ఇప్పుడు లేచి తిరుగుతోంది, మనుషుల్ని గుర్తుపడుతోంది.

రేట్ల బోర్డు లేదు, పెట్టాలి. కూర్చోడానికి చోటూ తక్కువే. వార్డులో నీరు తీయకముందే ల్యాబ్‌కి ఫోన్ చేసి మేడమ్ ఉన్నారో లేదో కనుక్కోండి, ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఉండరు.