పారే గెలిపిస్తుంది: మైన్‌క్రాఫ్ట్ మంచు బంతుల పోరు, మూడేళ్లు ఆడాక

మా అమ్మ ఇల్లు సైదాబాద్‌లో. ఆదివారం భోజనాలయ్యాక ఆ ఇంటి ముందు గదిలో ఆరు ఫోన్లు ఒకే వైఫైకి కలుస్తాయి. నేను, మా అబ్బాయి, అక్క పిల్లలిద్దరు, తమ్ముడి కూతురు, పై వాటాలో అద్దెకున్నవాళ్ల అబ్బాయి. మే నెలలో బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల కూలర్ హోరు, తెరల మీద మాత్రం తెల్లటి మంచు. మూడేళ్లుగా మా ఆదివారాలు ఇలాగే గడుస్తున్నాయి.

నేను మంచును చేత్తో తాకింది హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్ అనే మంచు పార్కులోనే. వాళ్లిచ్చిన కోటు, బూట్లు వేసుకుని లోపలికి వెళ్లి, గుప్పెడు మంచు తీసి ఉండ చేసి అక్క మీదికి విసిరాను. సగం దారిలోనే అది పొడిపొడిగా రాలిపోయింది. ఆ రోజు తీరని ముచ్చట మైన్‌క్రాఫ్ట్‌లో తీరింది. ప్రపంచమంతా బ్లాకులనే చదరపు దిమ్మెలతో ఉండే ఆట ఇది, వాటిని తవ్వుతూ, పేరుస్తూ ఆడాలి. ప్లే స్టోర్‌లో మంచు బంతుల పేరుతో కనిపించే ఆటలు కొన్ని ఆడి చూశాం, రెండు వారాలకే విసుగొచ్చింది. మైన్‌క్రాఫ్ట్ నిలిచింది. కారణం ఒకటే: ఇందులో బంతి విసరడమే కాదు, మంచు తవ్వాలి, దాచాలి, దానితోనే గోడ కట్టాలి. మేము ఫోన్లలో ఆడేది బెడ్‌రాక్ ఎడిషన్, అంటే ఫోన్లకు దొరికే రకం. నేను చెప్పేదంతా దాని గురించే.

ఈ ఆటలో మంచు బంతి తగిలితే మనిషికి ప్రాణం తగ్గదు, వెనక్కి ఒక తోపు మాత్రం పడుతుంది. కాబట్టి గెలుపోటముల లెక్క ఆట చెప్పదు, మనమే పెట్టుకోవాలి. మా నియమాలు ఇవి: జట్టుకు ముగ్గురు, ఒక్కొక్కరికి 32 బంతులు, ఒక చెక్క పార. మూడు సార్లు తగిలితే బయటికి. తగిలినవాళ్లే గట్టిగా ‘తగిలింది’ అని చెప్పాలి. ఈ చివరి నియమం పిల్లలు పెట్టిందే. మూడేళ్లలో దాన్ని ఎవరూ తప్పలేదు. నాకు ఈ ఆట మీద ఇంత ఇష్టం కలగడానికి అదొక పెద్ద కారణం.

ఇక గెలిచే మార్గం. మొదటి ఏడాదంతా గురి బాగున్నవాడే గెలుస్తాడనుకున్నాం. అది నిజం కాదు. ఎవరి దగ్గర చివరిదాకా బంతులు మిగులుతాయో వాళ్లు గెలుస్తారు.

లెక్క చూడండి. ఆటలో మన సామాను దాచుకునే గడులుంటాయి, ఒక గడిలో 16 బంతులే పడతాయి. మా 32 అంటే రెండు గడులు. కంగారులో విసిరితే నిమిషంలోపే ఖాళీ. నేల మీద పలచగా పరుచుకున్న మంచును పారతో తీస్తే ఒక బంతి వస్తుంది. నిండు మంచు బ్లాకును తవ్వితే నాలుగు వస్తాయి. పార లేకుండా ఉత్త చేతులతో తవ్వితే మంచు పోతుంది, బంతి మాత్రం రాదు. కొత్తగా ఆడేవాళ్లు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. పారను పక్కన పడేసి రెండు గడుల బంతులతో పరుగెత్తుతారు, అవి అయ్యాక మైదానం మధ్యలో ఖాళీ చేతులతో నిలబడతారు.

నాలుగు బంతులు కలిపితే ఒక బ్లాకు. దాన్ని మళ్లీ తవ్వితే నాలుగు బంతులూ తిరిగి చేతికొస్తాయి, ఒక్కటి కూడా నష్టం లేదు. అంటే మీరు కట్టుకున్న గోడ అడ్డూ అవుతుంది, నిల్వా అవుతుంది. మనిషి ఎత్తు గోడకు రెండు బ్లాకులు, ఎనిమిది బంతులు. మేమైతే ఆట మొదట్లోనే ఆరు బ్లాకుల గోడ కడతాం, చివర్లో దాన్నే తవ్వి బంతులుగా వాడుకుంటాం. ఒక జాగ్రత్త: మంచు బ్లాకులు ఒకే గడిలో 64 పడతాయి, అంటే 256 బంతుల సరుకు. అక్క పెద్దబ్బాయి ఇది కనిపెట్టి ఒక ఆదివారమంతా మమ్మల్ని చిత్తు చేశాడు. ఆ సాయంత్రమే బ్లాకులు మోయకూడదని నియమం పెట్టాం. మీరు మొదటి రోజే పెట్టుకోండి.

గురి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నేర్చుకుంటే వస్తుంది. బంతి సెకనుకు 30 బ్లాకుల వేగంతో బయలుదేరుతుంది. పరుగెత్తే మనిషి సెకనుకు ఐదున్నర బ్లాకులకు పైగా దాటుతాడు. 15 బ్లాకుల దూరంలో అడ్డంగా పరుగెత్తేవాడిని బంతి చేరడానికి అర సెకను పడుతుంది. ఆలోగా అతను దాదాపు మూడు బ్లాకులు ముందుకెళ్లిపోతాడు. మనిషి మీద కాకుండా అతను చేరబోయే చోటు మీద గురిపెట్టాలి. సూటిగా విసిరిన బంతి ఆ అర సెకనులో ఒకటిన్నర బ్లాకు కిందికి దిగుతుంది కూడా. దూరం రెట్టింపైతే దిగుడు నాలుగింతలు, అంటే ఆరు బ్లాకుల దాకా. అందుకే 30 బ్లాకుల నుంచి విసరడం బంతుల్ని నేలపాలు చేయడమే. 12 నుంచి 15 బ్లాకుల లోపలికి వచ్చేదాకా చెయ్యి బిగబట్టుకోండి.

ఎత్తు మంచిదే, ఎత్తు అంచు మాత్రం ప్రమాదం. తోపు పడేది వెనక్కి కాబట్టి అంచున వీపు పెట్టి నిలబడినవాడు ఒక్క బంతితో కింద పడతాడు. వంగి నడిస్తే మనంతట మనం అంచు దాటం, అది నిజమే. ఎదుటివాడి తోపు మాత్రం వంగినా ఆగదు. వెనక రెండు బ్లాకుల చోటు ఉంచుకోవాలి, లేదా వీపు వెనక ఒక బ్లాకు పెట్టుకోవాలి. నాలుగు బంతులు ఖర్చయినా అది దండగ కాదు.

మంచు మనిషిని చాలామంది కాపలాకు పెడదామనుకుంటారు. రెండు మంచు బ్లాకుల మీద చెక్కిన గుమ్మడికాయ పెడితే లేచి నడుస్తుంది. అది రాక్షసుల మీదే విసురుతుంది, ఆటగాళ్ల జోలికి రాదు. దాని అసలు ఉపయోగం వేరు: చలి ప్రాంతంలో అది అడుగేసిన చోటల్లా మంచు పరుచుకుంటుంది. చిన్న దడిలో ఉంచి దాని కాళ్ల కింది మంచు తవ్వుతూ ఉంటే బంతులకు కొరతే ఉండదు. వాన పడితే దానికి దెబ్బ, ఎడారిలో కరిగిపోతుంది. మైదానం ఎక్కడ కట్టాలో ముందే చూసుకోండి.

2021లో వచ్చిన పొడి మంచు మరో ఆయుధం. చూడ్డానికి మామూలు మంచులాగే ఉంటుంది, కాలు పెడితే మనిషి లోపలికి దిగిపోతాడు. తోలు బూట్లు వేసుకున్నవాళ్లు దాని మీద మామూలుగా నడిచిపోగలరు. ప్రతి మైదానంలో రెండు మూడు చోట్ల పెట్టుకోవచ్చు, అంతకు మించితే ఆట చెడుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యం జట్టులో పని పంచుకోవడం. ముగ్గురూ విసిరితే ఓడిపోతారు. ఇద్దరు విసరాలి, ఒకరు తవ్వి అందించాలి. మాలో అందరికన్నా చిన్నది తమ్ముడి కూతురు, తొమ్మిదేళ్లు. పార పని దానికే పడేది. ‘అత్తా, ఎప్పుడూ నేనే తవ్వాలా?’ అని మొదట్లో కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పనిని మేము చిన్నచూపు చూశామని నాకు తర్వాత అర్థమైంది.

సంక్రాంతి సెలవుల్లో ఒక ఆట. మా వైపు నేనూ తమ్ముడి కూతురూ మిగిలాం, నాకు రెండు దెబ్బలు తగిలాయి. ఎదురుగా అక్క పెద్దబ్బాయి ఒక్కడే, ఐదు బ్లాకుల ఎత్తు చెక్క మంచె మీద. నేను గోడ వెనక వంగి కూర్చుని వాడు విసిరే ప్రతి బంతినీ పైకే లెక్కపెట్టాను. ఇరవై ఆరు, ఇరవై ఏడు... గోడ అంచు నుంచి తల బయటపెట్టి వెనక్కి తీస్తే వాడు విసిరేవాడు. పక్కన చిన్నది చప్పుడు లేకుండా గోడ చివరి బ్లాకులు తవ్వుతోంది. నాలుగు బ్లాకులు, పదహారు బంతులు. సగం నా ముందు పడేసింది. ముప్పై రెండో బంతి గోడకు తగిలి చెదిరిపోగానే ఇద్దరం రెండు వైపుల నుంచి బయటికొచ్చాం. వాడి కాళ్ల కింద చెక్క తప్ప మంచు లేదు. ‘పిన్నీ, నువ్వు లెక్కపెడుతున్నావా!’ అని గదంతా వినపడేలా అరిచాడు. మంచె అంచు నుంచి వాణ్ని కిందికి తోసిన చివరి బంతి చిన్నదానిదే. ఆ తర్వాత పార కోసం అక్క పిల్లలు చీట్లు వేసుకోవడం మొదలుపెట్టారు.

ఇబ్బందులు లేకపోలేదు. ప్రపంచం ఎవరి ఫోనులో తెరిస్తే ఆ ఫోను ఆగిపోగానే అందరూ బయటికొచ్చేస్తారు. నిండుగా ఛార్జింగ్ ఉన్న ఫోనులోనే తెరవండి. కరెంటు పోయి వైఫై ఆగితే ఆట అక్కడితో సరి. మరొకటి, తెర మీద వేలితో తాకి విసిరే పద్ధతిలో మన వేలే ఎదుటివాడిని కప్పేస్తుంది. సెట్టింగుల్లో తాకే నియంత్రణల దగ్గర జాయ్‌స్టిక్‌తో పాటు గురి గుర్తు వచ్చే పద్ధతి ఎంచుకోండి. నేను రెండేళ్లు ఆలస్యంగా మార్చుకున్నాను, మార్చిన వారంలోనే తేడా కనిపించింది.

డబ్బు పెట్టి కొనాల్సిన ఆట, ఉచితం కాదు. ఒక్కరే ఆడుకోవడానికైతే మంచు బంతుల కోసం దీన్ని కొనమని చెప్పను. ఇంట్లో నలుగురు పిల్లలు చేరే వీలుంటే నిస్సంకోచంగా కొనండి. మైదానం కట్టడం పిల్లలకే వదిలేయండి, మా వాళ్లకు ఒక శనివారం రాత్రి సరిపోయింది.