మాఘమాసం ముహూర్తానికి కూరోస్, ఆఫీసుకి మాత్రం వద్దు

ఇప్పుడు మాల్‌లో మగవాళ్ల సెంట్లు వరసగా వాసన చూస్తే దేనికీ దేనికీ పెద్ద తేడా తెలియదు. ఫ్రెంచి ఫ్యాషన్ కంపెనీ వైఎస్‌ఎల్ (ఈవ్ సాన్ లోరాన్) వాళ్ల కూరోస్ సెంటు ఆ వరసలోది కాదు. 1981లో పియేర్ బూర్దోన్ అనే సెంట్ల నిపుణుడు చేశాడు దీన్ని. సముద్రపు గాలిలా చల్లగా ఉండే కూల్ వాటర్ సెంటు (1988) కూడా ఆయనదే అంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పేరు ప్రాచీన గ్రీకు యువకుల విగ్రహాలది. సీసా కూడా పాలరాయిలా తెల్లగా ఉంటుంది, లోపల ఎంత మిగిలిందో బయటికి కనపడదు.

కొట్టగానే ఘాటుగా వస్తుంది. ధనియాలు, లవంగం, వాటి మీద ఖరీదైన సబ్బు వాసన. కాసేపటికి తేనె, సాంబ్రాణి పైకొస్తాయి. అడుగున మాత్రం పునుగు, అంటే పునుగుపిల్లి నుంచి వచ్చే ఘాటు వాసన. తిరుమలలో శుక్రవారం అభిషేకమయ్యాక స్వామివారికి పూసే పునుగు తైలం సంగతి మనకు తెలిసిందే. ఆధునిక సెంట్లలో వాడేది ఎక్కువగా ల్యాబ్‌లో తయారైన పునుగు వాసన. మణికట్టు ముక్కుకి ఆనించి చూస్తే పచ్చిగా, చెమటలా, ఇంకా మొహమాటం లేకుండా చెప్పాలంటే మూత్రం వాసనలా కూడా అనిపిస్తుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. తొందరపడకండి. ఓ రెండు గంటలయ్యాక పక్కన నిలబడ్డవాళ్లకి తగిలేది తేనె, సాంబ్రాణి పొగ కలిసిన వెచ్చటి వాసన. మా ఆవిడ "గుడికెళ్లొచ్చారా?" అని అడిగేది ఆ దశలోనే. నాకు కూరోస్ మీద ఇంత ఇష్టం ఆ దశ వల్లే.

దీనికి సరైన చోటు ఆరుబయట, చలి రాత్రి. మాఘమాసం పెళ్లికి పట్టు పంచె కట్టుకుని వెళ్లినప్పుడు, హోమం పొగ, నెయ్యి, చామంతి దండల మధ్య ఇది చక్కగా కలిసిపోతుంది. అక్కడ నీళ్లలాంటి కొత్త సెంట్లు అసలు తెలియవు. స్నానం చేశాక ఛాతీ మీద ఒకటి, మెడ వెనక ఒకటి కొట్టుకుని, అరగంట ఆగి బయల్దేరండి. పట్టు మీద నేరుగా కొట్టొద్దు, మరక పడొచ్చు. మే నెల బెజవాడ ఎండలో, ఏసీ ఆఫీసులో, లిఫ్ట్‌లో, ఆసుపత్రిలో ఎవరినైనా చూడ్డానికి వెళ్లేటప్పుడు దీని జోలికి పోవద్దు. మూసిన గదిలో పక్కవాళ్లకి తలనొప్పి ఖాయం.

వైఎస్‌ఎల్ సెంట్ల వ్యాపారం 2008లో సౌందర్య సాధనాల కంపెనీ లోరియాల్ చేతికొచ్చింది. సెంట్లలో వేసే, చెట్ల మీద నాచులా పెరిగే ఓక్‌మాస్ వాడకంపై అలర్జీ నిబంధనలూ బిగిశాయి. ఇన్నేళ్లలో ఫార్ములా మారింది. మా పెద్ద మామయ్య దుబాయ్ నుంచి తెచ్చుకున్న పాత సీసా ఇంకా ఉంది. అందులో తేనె చిక్కన, ఆ నాచు చేదు బాగా తెలుస్తుంది. ఇప్పటిది పలచబడింది, సబ్బుతనం పెరిగింది. అయినా ఆ పునుగు ముద్ర పోలేదు, మొదటిసారి వాడేవాళ్లకి నిజానికి కొత్తదే నయం. పాత సీసాల పేరుతో ఆన్‌లైన్‌లో నకిలీలు తిరుగుతుంటాయి, వాటికి వేలకు వేలు పోయొద్దు. ముందు ఐదు ఎంఎల్ డికాంట్ (పెద్ద సీసాలోంచి చిన్నదాంట్లోకి వొంపి ఇచ్చేది) తెప్పించుకుని, సెలవు రోజు సాయంత్రం ఒంటి మీద వేసుకుని రాత్రి దాకా ఉంచి చూడండి. కాగితం మీద చూస్తే దీని సంగతి సగం కూడా తెలియదు.