కాన్పు తర్వాత ఇంటికొచ్చి చూసే ఆశ సేవ: మా అనుభవం

కాన్పుకి ఖమ్మం జిల్లాలోని పుట్టింటికొచ్చాను. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నార్మల్ డెలివరీ అయింది కానీ, అక్కడ నర్సులు పాలు ఎలా పట్టాలో చూపించకుండానే పాపకి డబ్బా పాలు పట్టేశారు, ఆ బాధ నాకింకా పోలేదు.

పాప పుట్టిన మూడో రోజే ఆశ అక్క (ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్త) ఇంటికొచ్చింది. చేతులు కడుక్కుని, టెంపరేచర్ చూసి, బరువు తూచి, నా పక్కనే అరగంట కూర్చుని, రొమ్ము మొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా పాప నోట్లోకి వెళ్లేలా ఎలా పట్టుకోవాలో ఓపిగ్గా చూపించింది. రెండు రోజుల్లో నొప్పి తగ్గింది. బరువు కాస్త తగ్గిందని నాకు ఒకటే టెన్షన్, మొదటి వారంలో అది మామూలేనని ధైర్యం చెప్పింది. మా అమ్మ పాప బొడ్డుకి పసుపు, నూనె రాయబోతే "వద్దు పెద్దమ్మా, పొడిగా వదిలేయండి" అంది. నాకు రక్తస్రావం ఎలా ఉంది, జ్వరం వస్తోందా అని కూడా అడిగింది, అసలు బాలింతని అడిగేవాళ్లెవరు!

ఆసుపత్రిలో కాన్పయితే ఆశ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, మొత్తం ఆరుసార్లు రావాలి, పైసా ఖర్చు లేదు. మాకు 21వ రోజు మాత్రం సర్వే పని పడి ఫోన్లోనే మాట్లాడింది. పుట్టింటికి వెళ్లేవాళ్లు అక్కడి ఆశకి ముందే చెప్పి పెట్టుకోండి.